టీకా వేసుకోనివారిలో కరోనా ఇమ్యూనిటీ: ల్యాబ్‌లో చూసే పద్ధతి

టీకా పడనివారిలో ఎస్ (వైరస్ పైనుండే స్పైక్ ప్రొటీన్‌కు పుట్టేవి), ఎన్ (వైరస్ లోపలి న్యూక్లియోక్యాప్సిడ్ ప్రొటీన్‌కు పుట్టేవి) యాంటీబాడీలు రెండూ ఇన్ఫెక్షన్ వల్ల వచ్చినవే. వీటిలో ఎన్ తొందరగా తగ్గిపోతుంది. కాబట్టి ఎన్ నెగటివ్ ఒక్కటే చూసి ‘సోకలేదు’ అని రాసేయకండి. లక్షణాలు మొదలై 3 వారాలు దాటాకే శాంపిల్ తీయడం మేలు.

టీ కణాల (వైరస్‌ను గుర్తుపట్టే ఒక రకం తెల్ల రక్తకణాల) పరీక్షకు, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఉన్న ట్యూబులో రక్తం తీసి, 8 గంటల్లోపు వాడాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. అంతే పరిమాణంలో పీబీఎస్ (కణాలకు హాని చేయని ఉప్పు ద్రావణం) కలిపి, ట్యూబు వాల్చి, ఫైకాల్ (కణాలను బరువును బట్టి వేరుచేసే చిక్కటి ద్రవం) మీద గోడ వెంట మెల్లగా జారవిడవాలి. 400 జి (గురుత్వాకర్షణకు 400 రెట్ల బలం) దగ్గర 30 నిమిషాలు తిప్పాలి, సెంట్రిఫ్యూజ్ బ్రేక్ మాత్రం తీసేయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: బ్రేక్ పడితే ప్లాస్మాకీ ఫైకాల్‌కీ మధ్య పాలమీగడలా తేలిన పొర చెదిరిపోతుంది. టీ కణాలు ఉండేది ఆ పొరలోనే; దాన్నే పిపెట్‌తో తీసి రెండుసార్లు కడగాలి.

ఎలిస్పాట్ (స్పందించిన కణాలు చుక్కలుగా కనిపించే పరీక్ష) ప్లేటులో వెల్‌కు, అంటే ఒక్కో గుంటకు, 2.5 లక్షల బతికున్న కణాలు వేసి, పెప్టైడ్ మిశ్రమం (వైరస్ ప్రొటీన్ల చిన్న ముక్కలు) కలిపి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో 18-20 గంటలు కదపకుండా ఉంచాలి. కదిపితే చుక్కలు అలుక్కుపోతాయి. పీహెచ్ఏ (టీ కణాలన్నిటినీ రెచ్చగొట్టే పదార్థం) వేసిన వెల్‌లో చుక్కలు రాకుంటే ఆ ప్లేటు ఫలితం చెల్లదు.

పాత జలుబు కరోనావైరస్‌లకు పుట్టిన టీ కణాలూ కొంత స్పందిస్తాయి. అందుకే 2019కి ముందు నిల్వచేసిన కణాలతో పక్కపక్కనే పెట్టి పోల్చండి.