ఎండాకాలంలోనూ తల తిప్పని మల్లెవాసన సెంటు: తక్కువ ధరలో ఎలా ఎంచుకోవాలి, ఎలా కొట్టుకోవాలి

మల్లె, సన్నజాజి, పెళ్లిదండల్లో గుచ్చే లిల్లీ (సీసాల మీద ట్యూబరోజ్ అని ఉండేది ఇదే)... ఈ తెల్లపూల తీపి వాసన రోజువారీకి బాగుంటుంది. కాకపోతే మన ఎండల్లో దీనికో చిక్కుంది. ఏసీ షాపులో హాయిగా తోచిన సెంటు, మే నెలలో ఒంగోలు బస్టాండులో పది నిమిషాలు నిలబడేసరికి వెగటు పుట్టిస్తుంది. ఒంటి వేడికి, బయటి వేడికి వాసనంతా ఒక్కసారిగా లేస్తుంది మరి. అందుకని మొదటి వాసనకే మురిసిపోయి కొనకండి. నాలుగో గంటలో ఎలా ఉందో చూసి కొనండి.

చూసే పద్ధతి ఇది. మోచేతి లోపలి మడత మీద ఒక్క స్ప్రే కొట్టించుకోండి, రుద్దొద్దు. మొదటి నిమిషం వచ్చేది స్పిరిట్ ఘాటు, దాన్ని లెక్కపెట్టొద్దు. పావుగంటకి పూలవాసన తేలుతుంది. అప్పుడు షాపులోంచి బయటపడి నెల్లూరు ట్రంకురోడ్డు ఎండలో మీ పని మీరు చూసుకోండి. మధ్యాహ్నానికి చర్మం మీద మిగిలింది ఉతికి ఆరేసిన బట్టలా మెత్తగా ఉంటే అడుగున వైట్ మస్క్ (కస్తూరిని పోలిన తేలికైన కృత్రిమ వాసన) ఉన్నట్టు, రోజూ వాడొచ్చు. పాకంలా చిక్కగా తగిలితే వెనీలా ఎక్కువైనట్టు, అది డిసెంబరుకి పనికొస్తుంది. మర్నాటికి ఆ మడత ఎర్రబడినా దురదపెట్టినా ఆ సెంటు మీకు వద్దు. ఒక్క రోజులో మూడుకి మించి వాసన చూడకండి, ముక్కు మొద్దుబారుతుంది.

చవక సీసాల్లో అసలు మల్లెసారం దాదాపు ఉండదు. ఒక కిలో సారానికి వందల కిలోల పూలు కావాలి కాబట్టి, 300 రూపాయల సీసా మీద ‘నూరు శాతం సహజం’ అని ఉంటే నమ్మొద్దు. అలాగని కృత్రిమం అంటే చెడ్డదని కాదు. చూడాల్సింది పొత్తు కుదిరిందా లేదా అనేదే. మల్లెకి ఆ పండువాసన ఇచ్చేది బెంజైల్ అసిటేట్ అనే రసాయనం. అది మితిమీరితే అరటిపండు వాసన కొడుతుంది. రాత్రి జడలోంచి తీసి దిండు పక్కన పెట్టిన పూలకి తెల్లారి వచ్చే బరువైన వాసన ఇండోల్ అనే మరో రసాయనానిది. కాస్త ఉంటేనే పువ్వు నిజంగా ఉన్నట్టుంటుంది, ఎక్కువైతే బీరువాలో కలరా ఉండలు గుర్తొస్తాయి.

ముందు 30 మి.లీ. సీసాయే తీసుకోండి. ఒక స్ప్రేకి సుమారు 0.1 మి.లీ. పోతుంది, అంటే 300 స్ప్రేలు. రోజుకి రెండు చొప్పున ఐదు నెలలొస్తుంది. సీసా 300 రూపాయలైతే రోజుకి రెండు రూపాయలు, ఆ డబ్బుకి మూర మల్లెపూలు కూడా రావు.

స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక, వాసన లేని వ్యాజ్‌లైన్ చిటికెడు రాసి, దాని మీద జానెడు దూరం నుంచి కొట్టండి. పొడిచర్మం మీద సెంటు తొందరగా ఎగిరిపోతుంది, జిడ్డు దాన్ని పట్టి ఉంచుతుంది. ఒకటి ఛాతీ మీద, ఒకటి మోచేతి మడతలో, రెండూ బట్ట కిందే. మెడ మీద, ఎండ తగిలే చోట వద్దు. కొన్ని సెంట్లలోని నిమ్మజాతి నూనెలు ఎండలో చర్మాన్ని కమిలిస్తాయి. చెమట మీద అసలు కొట్టొద్దు, రెండూ కలిసి పులిసిన వాసనొస్తుంది. పట్టుచీరకి మరకపడుతుంది, ముత్యాలకీ వన్‌గ్రామ్ నగలకీ మెరుపు పోతుంది. కాబట్టి ముందు సెంటు, అది ఆరాక నగలు. జడలో పూలు పెట్టుకున్న రోజు ఒక్క స్ప్రే చాలు.

గంటకే వాసన పోయిందని మళ్లీ కొట్టేవాళ్లు చాలామంది. చాలాసార్లు పోయింది వాసన కాదు, ముక్కు దానికి అలవాటుపడింది. పక్కవాళ్లని అడిగి చూడండి. ముఖ్యంగా ఆటోలో, క్లాసురూములో పక్కనే ఘాటు పడని, ఆయాసం ఉన్నవాళ్లు ఉండొచ్చు.

సీసాని డబ్బాతో సహా బీరువాలో పెట్టండి. స్కూటర్ డిక్కీలో, కిటికీ దగ్గర, బాత్రూములో పెడితే పాడైపోతుంది. తెల్లపూల సెంట్లు కొన్నాళ్లకి పసుపురంగుకి తిరగడం మామూలే, లోపలి పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి రంగు తేలతాయి. రంగు మారినా వాసన బాగుంటే వాడుకోవచ్చు గానీ, తెల్లచొక్కా మీద మాత్రం కొట్టకండి. పుల్లటి వాసన మొదలైతే పారేయండి.