కామెర్ల రిపోర్టు చేతికొచ్చాక

నరసన్నపేటలో ఓ చిన్న ల్యాబులో 22 ఏళ్లుగా రక్తం తీస్తున్నాను. డాక్టర్ని కాను. అయినా రిపోర్టు చేతిలో పెట్టగానే అందరూ నన్నే అడుగుతారు: "కామెర్లు ఎన్ని ఉన్నాయమ్మా?" ఆ ఒక్క అంకె చూసుకుని సంబరపడేవాళ్లూ హడలిపోయేవాళ్లూ ఎక్కువ.

రిపోర్టు కంటే ముందు కళ్లు చూడండి. రాత్రి బల్బు వెలుగులో కాదు, పొద్దున్నే పెరట్లో. పై రెప్ప ఎత్తి కిందికి చూడమంటే తెల్లగుడ్డు బాగా కనిపిస్తుంది. అరచేతులు మాత్రమే పచ్చబడి కళ్లు తెల్లగా ఉంటే, క్యారెట్లు, బొప్పాయి బాగా తింటున్నారా అని అడుగుతాను. తర్వాత, సిగ్గుపడకుండా, మూత్రం, విరేచనం ఏ రంగులో ఉన్నాయో గమనించండి. మూత్రం టీ డికాషన్‌లా, విరేచనం సుద్దలా తెల్లగా ఉండి ఒళ్లంతా దురద పెడితే, పిత్తం దిగే దారిలో రాయో గడ్డో అడ్డుపడి ఉండొచ్చు. అప్పుడు స్కానింగ్ ఆలస్యం చేయకూడదు.

మెషీన్‌లో తిప్పాక ట్యూబులో పైకి తేరే సీరం మామూలుగా లేత గడ్డి రంగులో ఉంటుంది. కామెర్లు ముదిరినవాళ్లదైతే చిక్కటి పసుపు నీళ్లే. ఆ పసుపునిచ్చే పదార్థమే బిలిరుబిన్, మీరు "కామెర్లు ఎన్ని" అని అడిగే అంకె దానిదే. వెలుతురు తగిలితే అది విరిగిపోతుంది కాబట్టి ఆ ట్యూబుకి నల్ల కాగితం చుట్టేస్తాను. ఇంటికొచ్చి రక్తం తీసే కుర్రాడు ట్యూబుని ఎండలో బండి మీద పెట్టి తిరిగితే అంకె తక్కువ చూపిస్తుంది. అడగండి, తప్పులేదు.

ఇక అంకెలు. మొత్తం బిలిరుబిన్ 1.2 దాకా మామూలే, సుమారు 3 దాటితే కళ్లలో తెలుస్తుంది. ఇన్‌డైరెక్ట్, అంటే లివర్ ఇంకా మార్చని బిలిరుబిన్, అది మాత్రమే పెరిగి మిగతావన్నీ బాగుంటే, లివర్ కంటే ముందు రక్తకణాలు విరిగిపోతున్నాయేమో చూస్తారు. సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగి విరిగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్లు మాకు సీతంపేట వైపు నుంచి వస్తుంటారు. ఎస్‌జీపీటీ అంటే లివర్ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైమ్, అది వేలల్లో ఉంటే చాలాసార్లు వైరస్. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ బాగా ఎక్కువైతే చాలాసార్లు పిత్తం అడ్డు.

అసలు తిరకాసు ఇక్కడే. ఒక రైతుకి ఎస్‌జీపీటీ 1,800 నుంచి వారంలో 300కి దిగింది. ఇంటిల్లిపాదీ మొక్కు తీర్చుకోవాలని లెక్కలేసుకుంటున్నారు. నేను మాత్రం పక్క గళ్లు చూశాను: బిలిరుబిన్ 9 నుంచి 17కి ఎక్కింది, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ 1 దగ్గర ఉండాల్సింది 2.3 ఉంది. అంటే లివర్ కోలుకోలేదు, విరగడానికి కణాలే మిగల్లేదు. "పగలంతా నిద్ర, రాత్రుళ్లు లేచి తిరుగుతున్నాడు" అంది భార్య. లివర్ దెబ్బ మెదడుదాకా పాకిందనడానికి అది గుర్తు. ఆ మాట విన్నాక ఇంకేమీ ఆలోచించలేదు, వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆ రాత్రే విశాఖ పంపించారు.

ఆ వారం రోజులూ అతను పసరు తాగాడు. "ఇంకా దిగనేదు" అని మరో మోతాదు కూడా. ఆ పసరాయన చేతులకి ఏదో రాసి సున్నపు తేటలో కడిగిస్తాడు, నీళ్లు పచ్చబడతాయి, కామెర్లు దిగాయంటాడు. ఓసారి సరదాకి నేనూ కడిగించుకున్నాను. నాకు కామెర్లు లేవు, నీళ్లు మాత్రం చక్కగా పచ్చబడ్డాయి! కళ్లలో పసరు మాత్రం ఎవరి మాటా విని వేయించుకోకండి, చూపు పోవచ్చు. వైరస్‌తో వచ్చే లివర్ వాపుల్లో హెపటైటిస్ ఏ అయితే చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, ఆ పేరంతా పసరుకి పోతుంది.

మందు అలవాటున్న ఇళ్లవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ముదిరిన సిరోసిస్‌లో, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోయాక, ఎస్‌జీపీటీ నార్మల్‌గానే రావచ్చు. లివర్ తయారుచేసే ప్రొటీన్ ఆల్బుమిన్ 3.5 కంటే తక్కువా, ప్లేట్‌లెట్లు తగ్గాయా, పొట్ట ఉబ్బిందా చూడండి. నీరు చేరితే ఉప్పు తగ్గించాలి, అంటే మన ఎండుచేపలు, ఊరగాయలే ముందు పక్కన పెట్టాలి. పప్పు, గుడ్డు మానేయక్కర్లేదు. మామూలు కామెర్లకి చప్పిడి పత్యం అవసరమే లేదు, చోడి అంబలి, అన్నం పప్పు హాయిగా తినండి.

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, తికమక మాటలు, ఈ మూడింట్లో ఏది కనిపించినా ల్యాబుకి రావద్దు, నేరుగా పెద్దాసుపత్రికే. గర్భిణికి కామెర్లొస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు, హెపటైటిస్ ఈ వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బీ తేలితే మిగతా అందరికీ పరీక్ష, ఆ వైరస్ సోకనివాళ్లకి టీకా.

మళ్లీ టెస్టుకొచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టుకుని తెండి. మడతల్లో అంకెలు చెరిగిపోయిన కాగితాలు చదవలేక నా కళ్లజోడు నంబరు ఇప్పటికే రెండుసార్లు మారింది.