కొత్త ఆట వచ్చేలోగా బల్లను సిద్ధం చేసుకోవడం ఎలా

మనం ఇష్టపడి చదివిన ఫాంటసీ నవలాలోకం టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌గా రాబోతోందని ప్రకటన వెలువడిన నాటి నుంచి ఆ పుస్తకం చేతికందే దాకా నెలలు గడుస్తాయి, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆ నెలల్లో అభిమానులు బొమ్మలు చూసి మురుస్తారు, ముందుగానే డబ్బు కట్టేస్తారు. విజయనగరంలో కూర్చుని ఎదురుచూసేవారికి మాత్రం ఇంకో పని ఉంది. పుస్తకాన్ని ఎక్కడి నుంచైనా తెప్పించుకోవచ్చు గాని, దాన్ని మనతో కూర్చుని ఆడే నలుగురినీ ఇక్కడే వెతుక్కోవాలి. అందుకని ఆట కన్నా ముందు బల్లను సిద్ధం చేసుకోవాలని నేను అంటాను.

ఈ తరహా ఆట తెలియనివారికి ఒక్క మాట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది అచ్చులోకి వచ్చింది. ఒకరు గేమ్ మాస్టర్‌గా కథాస్థలాన్ని వర్ణిస్తారు, మిగిలినవారు తలా ఒక పాత్ర అయి ఏమి చేస్తారో చెబుతారు, ఫలితం తేలని చోట పాచికలు వేస్తారు. గెలుపోటముల పట్టిక ఉండదు.

మొదట చేయవలసింది, కొత్త ఆట నియమాలు ఆ లోకంలో దేనికి విలువ ఇస్తున్నాయో కనిపెట్టడం. నవల ఒకటే అయినా ఆట ఒకటే కానవసరం లేదనడానికి 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ సృష్టించిన మిడిల్ ఎర్త్ లోకం మంచి ఉదాహరణ. 1984లో ఐరన్ క్రౌన్ సంస్థ ఆ లోకంపై తెచ్చిన ఆటలో ఒకటి నుంచి నూరు దాకా అంకెలు పలికే పాచికలు ఉండేవి, ఏ దెబ్బకు ఏ ఎముక విరుగుతుందో చెప్పే పట్టికలు ఉండేవి. 2011లో వచ్చిన ది వన్ రింగ్ అనే ఆటలో పన్నెండు ముఖాల పాచికను మామూలు ఆరు ముఖాల పాచికలతో కలిపి వేస్తారు. అందులో దూరప్రయాణపు అలసటకు, మనసులో మిగిలిన ఆశకు, దాన్ని కమ్ముకొచ్చే నీడకు లెక్కలు ఉంటాయి. మొదటిదాన్ని ఆడినవారు కత్తిగాయాలను తలచుకుంటే, రెండోదాన్ని ఆడినవారు వర్షంలో నడిచిన దారిని తలచుకుంటారు. కనుక ప్రచురణకర్తలు రుచి చూడడానికి ముందుగా విడుదల చేసే చిన్న నియమాల పుస్తకం, క్విక్‌స్టార్ట్, దొరికితే, నవలలో మీ మనసును పట్టుకున్న ఘట్టం ఒకటి తీసుకుని, ఈ నియమాలు దాన్ని ఎలా నడుపుతాయో కాగితం మీద వేసి చూడండి. మీ ఘట్టం ఒక మొండి వాదన అయి ఉండి, నియమాలన్నీ కత్తియుద్ధం చుట్టూ తిరుగుతుంటే, అది మీకు తగిన ఆట కాకపోవచ్చు. ఆ సంగతి డబ్బు కట్టక ముందే తెలియడం మేలు.

తరువాత మనుషులు. గేమ్ మాస్టర్ కాక ముగ్గురు లేక నలుగురు చాలు. అందరూ ఆ నవలలు చదివి ఉండాలన్న పట్టుదల వద్దు. నా అనుభవంలో ఒక్కరైనా చదవనివారు ఉంటేనే గేమ్ మాస్టర్ వర్ణన బతికి ఉంటుంది. అసలు చిక్కు అన్నీ చదివినవారితోనే. మా బల్ల దగ్గర ఒక మిత్రుడు, నేను కోటగుమ్మాన్ని వర్ణించిన ప్రతిసారీ, "ఆ గుమ్మం పడమటికి కాదు బావా, ఉత్తరానికి" అని సరిదిద్దుతూ ఉండేవాడు. మూడో సవరణకు మిగిలిన ముగ్గురూ ఫోన్లు తీశారు. అతని మాటలో తప్పు లేదు, ఆట మాత్రం అక్కడితో ఆగింది. ఆ తరువాత మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాము: నవలలో ఉన్నదంతా ఆ లోకంలోని జనం చెప్పుకునే మాటగా లెక్క, అందులో కొంత నిజం, కొంత పుకారు. పైగా మా కథ నవల అడుగుపెట్టని మూలలోనే జరగాలి, నవలా నాయకుడి వేషం ఎవరూ కట్టకూడదు.

ముగింపు ముందే తెలిసిన కథలో ఉత్కంఠ ఏముంటుందని అడిగేవారికి జవాబు మన జిల్లాలోనే ఉంది. బొబ్బిలి కోట 1757 జనవరి 24న పడిపోయిందని ఇక్కడ పిల్లలకూ తెలుసు. తాండ్ర పాపారాయుడు ఆనాడు రాజాంలో ఉన్నాడని, అతనికి కబురు సకాలంలో చేరలేదని బుర్రకథల్లో విన్నాము. ఎదురుచూపు కాలంలో మీరు ఆడవలసిన తొలి ప్రయోగపు ఆటకు ఈ కథనే వాడుకోమని సలహా ఇస్తాను. ఆటగాళ్లు పాపారాయుడు కారు, కోటపైకి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ కారు. బొబ్బిలి నుంచి రాజాంకు ఉత్తరం పట్టుకుని రాత్రివేళ బయలుదేరిన ముగ్గురు సామాన్యులు. కోట నిలవదని బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. ఆ ముగ్గురిలో ఎవరు ఇల్లు చేరతారో ఎవరికీ తెలియదు.

మేము ఆడిన నాడు గుర్రానికి కాలు మెలిపడింది, దారి పక్కన ఒక ముసలమ్మ గుడిసె కనిపించింది. గేమ్ మాస్టర్‌గా నేను ఆమె గొంతుతో, "ఏ ఊరు నాయనా మీది? ఈ రేతిరేల ఏటి పని?" అన్నాను. రౌతు వేషం కట్టిన అమ్మాయి క్షణం ఆలోచించి, చెల్లెలి పెళ్లికబురు తీసుకెళ్తున్నామని అబద్ధమాడింది. ముసలమ్మ నమ్మాలంటే ఒకటి నుంచి ఇరవై దాకా అంకెల్లో పన్నెండు గాని అంతకు పైన గాని పడాలి, తొమ్మిది పడింది. ముసలమ్మ తలుపు వేసుకుంటే కథ అక్కడే చచ్చిపోయేది. అందువల్ల ఆమె వారిని లోపలికి పిలిచి గంజి పోసింది, ఈలోగా పెరటి తలుపు గుండా ఆమె మనవడు ఫ్రెంచి శిబిరం వైపు పరుగెత్తిన అడుగుల చప్పుడు వినిపించింది. పాచిక ఓడినప్పుడు దారి మూయకుండా మలుపు తిప్పడం గేమ్ మాస్టర్ నేర్చుకోవలసిన ముఖ్యమైన విద్య. ఏ నియమాల పుస్తకం వచ్చినా ఈ విద్య పనికివస్తుంది గనుక దీన్ని ఇప్పుడే సాధన చేయవచ్చు.

పాచికలకు తొందరపడి డబ్బు పెట్టవద్దు, ఎందుకంటే రాబోయే ఆట ఇరవై ముఖాల పాచికను అడుగుతుందో, పన్నెండు ముఖాలదాన్ని అడుగుతుందో, తనకంటూ ప్రత్యేకమైన గుర్తులున్నవాటిని అడుగుతుందో ముందే తెలియకపోవచ్చు. అందాకా ఒకే కొలత గల ఇరవై చీటీల మీద ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు రాసి, ఒకే తీరుగా మడిచి డబ్బాలో వేస్తే సరిపోతుంది. పన్నెండు ముఖాల పాచిక కావలసినప్పుడు పై ఎనిమిదింటిని తీసేయవచ్చు. అయితే తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి వేసి డబ్బా కుదపాలి. పన్నెండు, ఆపైన పడే అవకాశం ఇరవైలో తొమ్మిది, అంటే 45 శాతం. చీటీలను తిరిగి వేయకుండా మొదటి ఐదూ చిన్న అంకెలే తీశామనుకుంటే, మిగిలిన పదిహేనులో తొమ్మిది గెలుపు చీటీలు ఉంటాయి కనుక ఆ అవకాశం 60 శాతానికి పెరిగిపోతుంది. ఆ మార్పును లెక్కగట్టే ఆటగాడు ఒకడు ప్రతి బల్ల దగ్గరా ఉంటాడు. అష్టాచెమ్మా గవ్వలు వాడదామని మా ఇంట్లో పెద్దలు సూచించారు గాని, గవ్వ వెల్లకిలా పడడం, బోర్లా పడడం సమానం కావు.

భాష విషయం చాలామంది పట్టించుకోరు. నియమాలు ఇంగ్లీషులో వస్తాయి. బల్ల దగ్గర మాట తెలుగులో నడుస్తుంది. ఈ రెంటి మధ్య ప్రతి నిమిషం తడుముకోకుండా ఉండాలంటే, క్విక్‌స్టార్ట్‌లో మాటిమాటికీ వచ్చే ఇరవై, పాతిక పదాలకు మీ బృందం వాడే మాటలను ఒకే కాగితం మీద రాసి పెట్టుకోండి. స్టెల్త్‌కు "చాటుగా కదలడం" అని మేము రాసుకున్నాము; పాత్ర ఇంకా ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే హిట్ పాయింట్లను మాత్రం అలాగే వదిలేశాము, ఎందుకంటే దానికి ఎవరు చెప్పిన తెలుగూ నోటికి ఎక్కలేదు. పాత్రల పేర్లను తెలుగు చేయవద్దు, అది నవలకు అన్యాయం. కాని ఆ లోకపు రైతు మన పల్లె యాసలో మాట్లాడితే, రాజోద్యోగి నిండు గ్రాంథికంలో మాట్లాడితే, ఎవరు ఎవరో చెప్పకుండానే తెలిసిపోతుంది. గురజాడ ఊరివారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇక డబ్బు. 2024 ఆగస్టులో అమెరికన్ ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ నవలాలోకంపై అప్పటికింకా రాని ఆటకు అభిమానులు కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో ఒకటిన్నర కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించారంటే, ఎదురుచూపు ఎంత బలమైనదో ఊహించవచ్చు. అటువంటి చోట డబ్బు కట్టడం దుకాణంలో కొనడం వంటిది కాదు. తయారవబోయే వస్తువుకు పెట్టుబడి సాయం చేయడం, ఆలస్యమైతే ఓపిక పట్టడం అందులో భాగం. విదేశం నుంచి వచ్చే బరువైన పుస్తకానికి రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం అదనంగా తగులుతాయి కనుక, బృందం మొత్తానికి ఒక అచ్చుప్రతి, లేదంటే ఒక్క పీడీఎఫ్ చాలు. బొమ్మలు, పటాలు, గేమ్ మాస్టర్ ముందు నిలిపే తెరల జోలికి ఆరు నెలలు ఆడిన తరువాతే వెళ్లండి.

పుస్తకం చేతికి వచ్చిన రోజున మొదటి పేజీ నుంచి చదవకండి. పాత్రలను తయారుచేసే అధ్యాయం, పాచికలు వేసే తీరు చెప్పే అధ్యాయం, ఈ రెండూ చదివి, పది రోజులు దాటకముందే వచ్చే ఆదివారం మధ్యాహ్నానికి అందరినీ పిలవండి. వేరే కథ కోసం వెతకనక్కరలేదు. ఉత్తరం పట్టుకుని బయలుదేరిన ఆ ముగ్గురినే కొత్త లోకపు బట్టలు తొడిగి కూర్చోబెట్టండి. మా రౌతు అమ్మాయి ఇప్పటికే తన గుర్రానికి కొత్త పేరు రాసి పెట్టుకుంది.