కారు చక్రం నట్లు: టార్క్ రెంచ్ టక్కుమన్నాక కూడా వచ్చే సమస్యలు

టార్క్ రెంచ్ అంటే మనం పెట్టిన కొలత రాగానే టక్కుమని చెప్పే స్పానర్. దాన్ని కొన్నవాళ్ళు చాలామంది ఆ శబ్దం వినగానే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఆ రెంచ్ కొలిచేది నట్టు తిరగడానికి ఎంత బలం పడుతోందన్నది మాత్రమే. నట్టు చక్రాన్ని హబ్‌కి (చక్రం వెనక తిరిగే ఇరుసు భాగానికి) ఎంత గట్టిగా అదిమి పట్టిందో దానికి తెలీదు. మనం పెట్టే బలంలో సగం వరకు నట్టు కింది ముఖం రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం నట్టు, బోల్టుల మరల (వాటి మీది గాడుల) రాపిడికి పోతుంది. చక్రాన్ని పట్టి ఉంచడానికి మిగిలేది పదో వంతు. తుప్పు, ఇసుక, గ్రీజు వల్ల రాపిడి కాస్త మారినా ఆ పదో వంతు చాలా మారిపోతుంది. శ్రీకాకుళం తీరంలో కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు ఉప్పుగాలిలో తిరిగే బళ్ళకి ఇది రోజూ ఉండే సంగతి. కింద చెప్పే సమస్యల్లో ఎక్కువ వాటికి మూలం ఇదే.

నట్టు ఊడి రావడం లేదు

రాత్రి టెక్కలి దాటాక టైరు పోయింది, స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, కానీ వీల్ స్పానర్ మీద ఎక్కి నిలబడ్డా నట్టు కదలదు. కారణం చాలావరకు కిందటిసారి పంక్చర్ షాపులో వాడిన ఎయిర్ గన్. "గట్టిగా బిగించీసినాను బాబూ, ఏటీ భయం లేదు" అని ఆ మనిషి మంచి మనసుతోనే అంటాడు. కానీ గన్ ఎక్కడ ఆగాలో చెప్పే కొలత అక్కడ ఉండదు. నట్టు పట్టేసిందంటే బోల్టు సాగి ఉండొచ్చు కూడా.

ఊడదీయడానికి టార్క్ రెంచ్ మాత్రం వాడకండి. దాని లోపలి స్ప్రింగు పాడై, తర్వాత చూపించే కొలతలన్నీ తప్పుతాయి. చక్రం నేల మీద ఉండగానే పొడుగాటి బ్రేకర్ బార్‌తో వదులు చేసి, ఆ తర్వాతే జాకీ ఎత్తాలి. ఇకమీదట షాపులో ముందే చెప్పండి: గన్‌తో నట్టు ఆనేదాకా తిప్పితే చాలు, చివరి బిగింపు మనమే చేసుకుంటాం.

గన్‌తో బిగించిన నట్టు మీద టార్క్ రెంచ్ పెట్టి "చూసుకుందాం" అనుకోవడం ఇంకో పొరపాటు. 100 న్యూటన్ మీటర్ల (బిగింపు కొలత) దగ్గర పెట్టిన రెంచ్ నట్టు కదలకుండానే టక్కుమంటుంది. కనీసం 100 ఉందని మాత్రమే దాని అర్థం. 250 ఉన్నా అదే శబ్దం వస్తుంది. ఒక్కో నట్టూ వదులు చేసి మళ్ళీ బిగిస్తేనే అసలు కొలత.

బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోంది

ముందు ఒకటి తేల్చుకోండి. బ్రేక్ ముట్టుకోకుండానే 80, 90 వేగంలో వణికితే అది ముందుగా వీల్ బ్యాలెన్సింగ్ వైపు చూపిస్తుంది. బ్రేక్ వేసినప్పుడే వణికితే బ్రేక్ డిస్క్‌ని అనుమానించాలి. నట్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే, లేదా హబ్‌కీ డిస్క్‌కీ చక్రానికీ మధ్య తుప్పు పొర ఉంటే, డిస్క్ కొద్దిగా వంకరగా కూర్చుంటుంది. ఆ వంకర కంటికి కనపడదు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక డిస్క్ ఒకచోట పల్చగా, ఒకచోట మందంగా అరిగి వణుకు మొదలవుతుంది. అందుకే చక్రం విప్పిన రోజుకీ ఈ వణుకుకీ ఉన్న సంబంధం ఎవరికీ గుర్తు రాదు.

చక్రం తీసి, హబ్ ముఖాన్నీ చక్రం వెనకవైపునీ వైర్ బ్రష్‌తో శుభ్రంగా రుద్దాలి. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించండి. చేత్తో ఎక్కని నట్టు అడ్డంగా పట్టినట్టే, దాన్ని బలవంతం చేయకండి. నాలుగు నట్ల చక్రానికి ఎదురెదురుగా, ఐదు నట్లదానికి ఒకటి విడిచి ఒకటి చొప్పున, మొదట సగం బలంతో, తర్వాత పూర్తి కొలతకి బిగించాలి. చివరి బిగింపు టైరు నేలకి ఆనాకే. డిస్క్ అప్పటికే అరిగిపోయి ఉంటే ఇవన్నీ చేసినా వణుకు పోదు. దాన్ని చెక్కించాలి, లేదా మార్చాలి.

సాలూరు ఘాట్ దిగి వచ్చిన వెంటనే, బ్రేకులు కాలిపోతుండగా ఈ పని పెట్టుకోకండి. చల్లారనివ్వండి.

నిన్న బిగించిన నట్టు ఇవాళ వదులు

దీనికి కారణాలు మూడు: హబ్ మీద తుప్పు, అలాయ్ చక్రానికి కొత్తగా వేసిన రంగు, లేదా నట్టు ముఖం చక్రం గుంటకి సరిపోకపోవడం. మూడో కారణం ప్రమాదకరమైంది. గుండ్రటి ముఖం ఉండాల్సిన చోట కోసు ముఖం నట్టు పెడితే ఒక సన్నని గీత మీదే ఆనుతుంది. అలాయ్ చక్రాలు మార్చినప్పుడు పాత నట్లే సరిపోతాయో లేదో అడిగి తీరాలి.

చక్రం బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లకి మళ్ళీ ఒకసారి కొలత చూసుకోండి. అప్పుడు కొద్దిగా తిరిగితే ఫర్వాలేదు. రెండోసారీ వదులైతే మళ్ళీ బిగించి బండి తీయకండి. స్టడ్ (హబ్‌కి ఉండే, నట్టు ఎక్కే బోల్టు), చక్రం రంధ్రం చూపించాలి.

నట్లు పట్టేయకూడదని మరలకి గ్రీజు రాసేవాళ్ళున్నారు. రాపిడి తగ్గి, అదే 100 కొలతకి బోల్టు మీద చాలా ఎక్కువ లాగుడు పడుతుంది. కారుతో వచ్చిన పుస్తకంలో వేరేగా చెప్పకపోతే మరలు పొడిగా, శుభ్రంగా ఉండాలి.

రెంచ్ టక్కుమనడమే లేదు

లాగడం ఆపి అంకె చూడండి. చాలా రెంచ్‌ల మీద న్యూటన్ మీటర్లు, అడుగు పౌండ్లు రెండు వరసలూ ఉంటాయి. 100 న్యూటన్ మీటర్లు అనుకుని 100 అడుగు పౌండ్ల దగ్గర పెడితే అది 136 న్యూటన్ మీటర్లు. పుస్తకంలో కొలత కిలోగ్రాం-మీటర్లలో (kgf·m) ఉంటే 9.8తో గుణించండి.

రెంచ్ ఎంత నుంచి ఎంత వరకు కొలుస్తుందో కొనేటప్పుడే చూసుకోవాలి. మన చిన్న కార్లకి చాలావాటికి 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య చెబుతారు. ఖచ్చితమైన అంకె మీ కారు పుస్తకంలోదే, పక్కింటి కారుది కాదు. కాబట్టి అర అంగుళం డ్రైవ్ (సాకెట్ తొడిగే చదరపు కొన), 40 నుంచి 200 వరకు కొలిచే క్లిక్ రకం సరిపోతుంది. 19, 21 మి.మీ. సాకెట్లు రెండూ ఉంటే మంచిది. పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా లాగి, టక్కుమనగానే ఆపండి. ఇంకోసారి టక్కుమనిపిస్తే అదనంగా బిగుస్తుంది. పిడికి పైపు తొడగకూడదు. పని అయ్యాక కొలతని అతి తక్కువ అంకెకి దించి పెట్టెలో పెట్టండి. ఒకసారి గట్టిగా కింద పడితే కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేయించేదాకా నమ్మకండి.

నట్టు తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు

స్టడ్ సాగుతోంది, లేదా మరలు పోయాయి. వెంటనే ఆపండి. స్టెప్నీ మార్చినా లాభం లేదు, ఎందుకంటే పాడైంది హబ్‌కి ఉన్న స్టడ్. నాలుగు స్టడ్‌ల చక్రం మూడింటి మీద హైవే ఎక్కకూడదు. మెకానిక్‌ని బండి దగ్గరికే పిలిపించి స్టడ్‌నీ నట్టునీ జతగా మార్పించండి. దాని పక్కనున్న రెండింటి మరలు కూడా అప్పుడే చూపించండి.