చిన్న పత్రిక సంపాదకుల అభిరుచి కనిపెట్టడం ఎలా

చిన్న సాహిత్య పత్రికలో ఏది వేయాలో తేల్చేది ఇద్దరు ముగ్గురే. అందుకే వాళ్ల ఇష్టాయిష్టాలు ప్రతి పేజీలోనూ బయటపడిపోతాయి. ఒకరికి కలతో మొదలయ్యే కథ పడదు. ఇంకొకరు రెండు ఆశ్చర్యార్థకాలు కనిపిస్తే చదవడం ఆపేస్తారు. అమెరికా సాహిత్య పత్రిక ‘ది లిటిల్ రివ్యూ’ సంపాదకురాలు మార్గరెట్ ఆండర్సన్ అయితే, మెచ్చదగ్గ రచనలు రాలేదని 1916 సెప్టెంబరు సంచికలో చాలా పేజీలు ఖాళీగానే వదిలేసింది. అంత పంతం అరుదే. పాళ్లు తక్కువైనా ఆ గుణం మాత్రం చాలామందిలో ఉంటుంది. వాళ్ల కోసం రచనను వంచడం దండగ. చేతిలో ఉన్నవాటిలో ఏది ఎక్కడికి పంపాలో తేల్చుకోవడానికే ఈ కసరత్తు.

చివరి నాలుగు సంచికలు తీసుకోండి. ప్రత్యేక సంచికలు వద్దు, వాటిలో ఎంపిక అంశాన్ని బట్టి జరుగుతుంది. బాగా పేరున్నవాళ్ల రచనల్నీ లెక్కలోంచి తీసేయండి, అవి అడిగి రాయించుకున్నవి కావచ్చు. మిగిలిన కథలకు కాగితం మీద ఐదు గళ్లు గీయండి: ఎత్తుగడ (కథ మొదలయ్యే తీరు), ఎవరి గొంతు, కాలం, నిడివి, ముగింపు. పన్నెండు కథల్లో తొమ్మిది సంభాషణతో మొదలైతే అది ఇష్టం. నాలుగే అయితే కాకతాళీయం. నిడివి గడిని తేలిగ్గా తీసుకోవద్దు. నియమాల్లో 5,000 పదాల దాకా అని ఉన్నా, వేసినవన్నీ 2,500 లోపే ఉంటే రెండో అంకెనే నమ్మండి.

నచ్చేవాటికన్నా పడనివి పట్టుకోవడం తేలిక. నచ్చేది మారుతూ ఉంటుంది, చిరాకు అంత సులువుగా పోదు. వచ్చిపడిన కుప్పలో అదే ఎత్తుగడను వందోసారి చదివినప్పుడు పుట్టిన విసుగు అది. ‘స్ట్రేంజ్ హొరైజన్స్’ అనే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పత్రిక తమకు మరీ ఎక్కువగా వస్తున్న కథల జాబితానే బయటపెట్టింది. అలాంటి జాబితా లేని చోట, సంచికల్లో ఏది లేదో వెతకండి. నాలుగు సంచికల్లో ఒక్క కొసమెరుపు కథ కూడా లేదంటే, ఎవరూ పంపలేదని కాదు.

కొన్ని మాత్రం దాదాపు ఎక్కడైనా చిరాకే. కథంతా నడిచాక అదంతా కల అని తేల్చడం, అద్దంలో చూసుకుంటూ పాత్ర తన రూపం వర్ణించుకోవడం, కవితలో ప్రతి పాదం చివరా మూడు చుక్కలు. ఈ ఎత్తుగడ చూడండి: “అలారం మోగింది. బద్ధకంగా కళ్లు తెరిచాడు. ఇవాళే ఇల్లు ఖాళీ చేయాలని గుర్తొచ్చింది.” మొదటి రెండు వాక్యాలూ కొట్టేయండి. ‘గుర్తొచ్చింది’ కూడా వద్దు. ఇంటి యజమాని తాళంచెవి కోసం చెయ్యి చాపిన చోట మొదలుపెట్టండి.

బాగా బెడిసికొట్టేది ఒకటుంది: సంపాదకుల సొంత కథలు చదివి, అచ్చం అలాగే రాసి పంపడం. ఆ శైలిలో కుట్లు ఎక్కడున్నాయో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, అనుకరణ ఇట్టే దొరికిపోతుంది. పైగా తాము రాయలేని తరహాకే చాలామంది సంపాదకులు పడిపోతారు. సంపాదకవర్గం మారిందేమో కూడా చూసుకోండి. మారితే పాత సంచికల లెక్క పనికిరాదు.

జతచేసే ఉత్తరం మూడు వాక్యాలు చాలు: రచన పేరు, నిడివి, ఇంకెక్కడైనా పరిశీలనలో ఉందా లేదా. కథ ఏం చెబుతుందో అందులో వివరించారంటే, కథ ఆ పని చేయలేకపోయిందని మీరే ఒప్పుకున్నట్టు.

పంపేముందు చివరి పేరా చేత్తో మూసి చదవండి. అక్కడితో కథ ముగిసినట్టే అనిపిస్తే ఆ పేరా తీసేయండి, ఎలాగూ ముందు దాని మీదే కత్తెర పడుతుంది. అంగీకరించాక పేరు మార్చమంటే పెద్దగా వాదించకండి, మరో రెండు పేర్లు సిద్ధంగా ఉంచుకోండి. ముగింపు మార్చమన్నప్పుడు మాత్రం కారణం అడగండి.

తిరుగు టపాలో “మరొకటి పంపండి” అని ఉంటే దాన్ని మర్యాదమాట అనుకోవద్దు, అనవసరంగా రాయరు. అలాగని అదే కథను దిద్ది పంపకూడదు. జవాబే రాకపోతే, వాళ్లు చెప్పిన గడువు మీద ఇంకో రెండు వారాలు ఆగి, రచన పేరు, పంపిన తేదీ రాసి ఒక్క వాక్యంలో అడగండి.