పాస్కల్‌లో డిస్కు లోపలి లెక్క తీయడం

వరంగల్, కరీంనగర్ కాలేజీ ల్యాబుల్లో లినక్స్ మీద ఫ్రీ పాస్కల్ రాసేవాళ్లకు డిస్కులో ఖాళీ ఎంతుందో తెలిస్తే చాలనుకుంటే, సిస్‌యుటిల్స్ యూనిట్‌లోని డిస్క్‌ఫ్రీ(0) ఫంక్షన్ సరిపోతుంది. జవాబు బైట్లలో వస్తుంది, కుదరకపోతే -1.

ఇంకా లోతుకు పోవాలంటే యూజెస్‌లో బేస్‌యునిక్స్, యునిక్స్ యూనిట్లు రెండూ పెట్టండి. టీస్టాట్‌ఎఫ్‌ఎస్ రకం వేరియబుల్ ఒకటి తీసుకొని, ఎఫ్‌పీస్టాట్‌ఎఫ్‌ఎస్ ఫంక్షన్‌కు ఫోల్డర్ దారినీ, @ పెట్టి ఆ వేరియబుల్ అడ్రసునూ ఇవ్వండి. 0 వస్తేనే ఆ వేరియబుల్‌లోని ఫీల్డులు చదవాలి. -1 వస్తే ఎఫ్‌పీగెట్ఎర్‌నో ఇచ్చే ఎర్రర్ నంబరు చూడండి: 2 అంటే ఆ దారే లేదు, 13 అంటే అనుమతి లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఖాళీ బ్లాకులు (డిస్కు ముక్కలు) ఎన్నో చెప్పే బీఫ్రీ ఫీల్డు దగ్గరే. లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఈఎక్స్‌టీ4లో మామూలుగా 5 శాతం బ్లాకులు రూట్ (అడ్మిన్ యూజర్) కోసం పక్కన పెట్టి ఉంటాయి. బీఫ్రీలో అవీ కలిసే ఉంటాయి, యూజర్‌కు దక్కేది బీఅవైల్ మాత్రమే. దాన్ని ఒక్కో బ్లాకు సైజు చెప్పే బీసైజ్‌తో గుణించాలి. 32 బిట్ సిస్టమ్ అయితే గుణించే ముందే రెంటినీ ఇంట్64లోకి మార్చండి. తర్వాత మారిస్తే లాభం లేదు, అంకె అప్పటికే పొర్లిపోయి ఉంటుంది.

జీబీలకు జీబీలు ఖాళీ ఉన్నా కొత్త ఫైలు పడట్లేదా? ఎఫ్‌ఫ్రీ ఫీల్డు చూడండి. 0 ఉంటే ఐనోడ్‌లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున కావాల్సిన నమోదులు) అయిపోయినట్టే, పనికిరాని చిన్న ఫైళ్లు తీసేయాల్సిందే. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌లో మాత్రం అది ఎప్పుడూ 0నే, కంగారు పడొద్దు. ఎఫ్‌ఎస్‌టైప్‌లో 61267 కనిపిస్తే ఈఎక్స్‌టీ కుటుంబం. 2, 3, 4లలో ఏదో ఆ అంకె చెప్పదు.