కోత కోయాలా, ఆగాలా? ఐదు రోజుల వాతావరణ సూచన చదవడం ఎలా

వరి పండింది, హార్వెస్టర్ ఎల్లుండికి దొరికింది. టీవీలో మాత్రం "ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు" అని స్క్రోలింగ్. ఆ ఒక్క లైన్ చూసి కోత ఆపడమూ తప్పే, పట్టించుకోకపోవడమూ తప్పే.

1. మీ జిల్లా సూచన చూడండి. మేఘదూత్ యాప్‌లో జిల్లా ఎంచుకుంటే ఐదు రోజుల వాన, గాలి వేగం, తేమ కనిపిస్తాయి. పంట సలహాలు మంగళ, శుక్రవారాల్లో మారతాయి.

2. ఎన్ని చోట్ల, ఎంత వాన అన్నవి విడివిడిగా చదవండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. వాతావరణ శాఖ లెక్కలో "ఒకటి రెండు చోట్ల" అంటే వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతం లోపు చోట్లే వాన. "దాదాపు అన్ని చోట్లా" అంటే 76 శాతం, ఆపైన. ఇక "భారీ" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. "మోస్తరు" అన్నారు కదా అని ధీమా వద్దు, అది 15.6 నుంచి 64.4 మి.మీ. దాకా ఉంటుంది. 60 మి.మీ. పడితే ఎకరం మీద దాదాపు 2 లక్షల 40 వేల లీటర్ల నీళ్లు! కోసి పడేసిన పనలకు మోస్తరు వానే చాలు, గింజ మొలకెత్తడానికి. నన్నడిగితే, భారీ వాన ఒకటి రెండు చోట్ల అన్నదానికంటే, మోస్తరు వాన దాదాపు అన్ని చోట్లా అన్నదానికే ఎక్కువ భయపడాలి.

3. రోజు లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు. రేపు తెల్లవారుజామున పడే వాన ఈరోజు ఖాతాలోనే ఉంటుంది.

4. మొదటి రెండు రోజుల సూచనను గట్టిగా నమ్మొచ్చు. నాలుగు, ఐదో రోజులది కూలీలతో, బండివాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోవడానికి పనికొస్తుంది. రోజూ మళ్లీ చూడండి.

5. కోత రోజు వచ్చే మూడు గంటలకు ఇచ్చే తక్షణ సూచన, వాన మబ్బులు ఎక్కడున్నాయో చూపే రాడార్ చిత్రం చూడండి. పిడుగులకు దామిని యాప్ ఉంది. ఉరుము వినబడితే చెట్టు కిందకు మాత్రం వెళ్లకండి.

6. ఇప్పుడు నిర్ణయం. కోతరోజు ఒక్కటే పొడిగా ఉంటే చాలదు, ధాన్యం ఆరడానికీ ఎండ కావాలి. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటకూడదు. అందుకే తర్వాతి రెండు మూడు రోజులూ చూసుకోండి. అల్పపీడనం బలపడుతోంది, ఈదురుగాలులు కూడా ఉన్నాయంటే లెక్క మారుతుంది: పూర్తిగా పండిన చేను పడిపోయే బదులు మిషన్‌తో ముందే కోయించి, ధాన్యాన్ని మెరక మీదకు చేర్చడం మేలు. బరకాలు ఆరోజే మాట్లాడుకోండి, మబ్బు పట్టాక అద్దెకూ దొరకవు.